పసుపంటిన ఈత డ్రెస్సు

నేను ఒక ఈత డ్రెస్సును. ఈ మాట వినగానే మీ కళ్ళ ముందు ఏదో చిన్న గుడ్డ మెదిలి ఉంటుంది. అది నేను కాదు. మెడ నుంచి మణికట్ల దాకా, నడుము నుంచి చీలమండల దాకా, నెత్తి మీద టోపీతో సహా మనిషిని నిండుగా కప్పేదాన్ని. ఇంత నిండైన బట్టతో ఎవరికి మాత్రం పేచీ ఉంటుందని నేను అనుకునేదాన్ని. ఒంటి మీద బట్ట తక్కువైతే మనుషులు అరుస్తారని తెలుసు గానీ, ఎక్కువైనా అరుస్తారని కొలను గట్టు మీదే తెలిసింది.

పుట్టింది సూరత్ మిల్లులో. సాగే నైలాను గుడ్డను, ముదురు నీలం. మగపిల్లల ట్రాక్ ప్యాంట్ల కోసమని మా ఊరి బట్టల కొట్టుకు వచ్చాను. ఊరి పేరు చెప్పను. సీమలో కాలవ పక్కనున్న ఒక పట్నం అనుకోండి. పేరు బయటపెడితే అక్కడ ఈదే ఆడవాళ్ళకు నా మీద కోపం వస్తుంది, అసలే వాళ్ళ కోపాలు చూసినదాన్ని.

నన్ను కొన్నది హుసేన్‌బీ. దూదేకులవాళ్ళ కోడలు. తాతల కాలం నుంచి దూది ఏకి పరుపులు కుట్టే ఇల్లు వాళ్ళది, ఇంట్లో మాట్లాడుకునేది తెలుగే. పరుపుల కవర్లు కుట్టే మిషను మీదే ఆమె నన్నూ కుట్టింది. అందుకే నా కుట్లు ఇప్పటికీ ఒక్కటీ ఊడలేదు. ఆ మాత్రం గొప్ప చెప్పుకోనివ్వండి.

ఆమెకు ఈత సరదా కాదు, అవసరం. వాళ్ళ ఇంటి వెనకే కాలవ పారుతుంది. కిందటి వానాకాలం ఆమె కూతురు, తొమ్మిదేళ్ళ నసీమా, గట్టు మీద కాలు జారి నీళ్ళలో పడింది. హుసేన్‌బీ పక్కనే ఉంది. ఈత రాదు. గట్టు మీద నిలబడి అరవడం తప్ప ఏమీ చేయలేకపోయింది. గేదెలు కడుగుతున్న ఒకాయన దూకి పిల్లను జుట్టు పట్టుకొని ఒడ్డుకు లాగాడు. అప్పటి నుంచి నసీమా తల మీద చెంబెడు నీళ్ళు పోసినా కేకలు పెడుతుంది. ఇల్లు మారే స్తోమత లేదు, కాలవ ఎక్కడికీ పోదు. పిల్లకు ఈత నేర్పించక తప్పదు. పిల్లేమో “నువ్వు దిగితేనే నేనూ దిగుతా” అని మొండికేసింది. ఏనాడూ మోకాలు బయటపెట్టి ఎరగని హుసేన్‌బీ అలా నా దగ్గరికి వచ్చింది.

నన్ను మొట్టమొదట తప్పుపట్టింది ఇంట్లోనే, ఆమె అత్త దస్తగిరమ్మ.

“ఏమ్మే హుసేనీ, ఇది ఏసుకుంటే కప్పుకున్నట్టా, ఇప్పుకున్నట్టా? తడిస్తే ఒంటికి అంటుకోని అంతా కనపడ్తాది గదా! చీరతోనే దిగితే ఏమైతాది?”

“చీర కాళ్ళకు సుట్టుకుంటే పిల్లతో పాటు నేను గూడా మునిగిపోతా అత్తా.”

హుసేన్‌బీ అత్త మాటనూ మనసులో పెట్టుకొని, నా నడుము చుట్టూ మోకాళ్ళ దాకా కుచ్చిళ్ళు కుట్టింది. మర్నాడు అందరూ పరుపుల కొట్టు పనిలో ఉండగా దస్తగిరమ్మ నన్ను ఒళ్ళోకి తీసుకుంది. చిటికెడు పసుపు తడిపి నా కుచ్చిళ్ళ అంచుకు, లోపలి మడతలో అద్దింది. చిటికెడు అన్నాను గానీ ఆమె చిటికె పెద్దది. కొత్త బట్టకు పసుపు పెట్టకుండా కట్టడం ఆ ఇంట్లో ఎన్నడూ లేదు. “నా మనవరాలిని నీళ్ళు ఏం చేయగూడదు” అని నోట్లోనే అనుకుంది. తిట్టిన నోటితోనే దీవించింది. ఆ పసుపు సంగతి కోడలికి చెప్పాలని ఆమెకు తోచలేదు. రోజూ జరిగే పనిని ఎవరు మాత్రం చెబుతారు?

పట్నంలోని ఈత కొలనులో తెల్లవారుజామున ఒక గంట ఆడవాళ్ళకు. కోచ్ స్వర్ణలత నన్ను రెండు చేతులతో సాగదీసి చూసి, నైలానే, పరవాలేదని తల ఊపింది. ఆమెకు అంతవరకే లెక్క. మిగతావాళ్ళ లెక్కలు వేరు. ఆ బ్యాచికి పెద్ద దిక్కు ఇందుమతి అనే ఆవిడ. మోకాళ్ళ నొప్పులకు నీళ్ళలో నడవమని డాక్టరు చెప్పాడట. గౌను లాంటి పొట్టి డ్రెస్సు వేసుకునేది. మెట్ల దాకా తుండు చుట్టుకొని వచ్చి, ఎవరూ చూడని క్షణం చూసి తుండు వదిలేసి గబుక్కున నీళ్ళలోకి జారేది. అందరూ అంతే. ఒకరి కాళ్ళు ఒకరు చూడనట్టు నటించడం ఆ కొలనులో మర్యాద.

హుసేన్‌బీ నన్ను వేసుకొని గట్టు మీదికి రాగానే మాటలు ఆగాయి. ఇందుమతి వినపడేలాగానే అంది.

“నీళ్ళల్లోకి గూడా మతం మోసుకోని రావల్లనా?”

పక్కనున్న ఆమె గొంతు తగ్గించింది. “అట్ల నిండుగా కప్పుకోని వస్తే, మనమేదో బరితెగించి వచ్చినట్టుండాదక్కా.” అంటూ తన తుండును ఇంకాస్త పైకి లాక్కుంది.

నేను ఎవరినీ ఏమీ అనలేదు. అయినా నన్ను చూసి ఆమెకు సిగ్గేసింది, ఆ సిగ్గు కోపమైంది. ఆ కోపం మా మీదికి వచ్చింది.

హుసేన్‌బీ తల వంచుకొని మెట్లు దిగింది. నసీమా రెండు పిడికిళ్ళతో నా కుచ్చిళ్ళు పట్టుకొంది. ఎంత గట్టిగానంటే నా కుట్లు కిర్రుమన్నాయి. మోకాళ్ళ దాకా దిగారు. నడుము దాకా దిగారు. పిల్ల గుండె దడ నాకు గుడ్డలోంచి తెలుస్తోంది. నీళ్ళు పిల్ల మెడ దాకా వచ్చాయి. అరవలేదు. హుసేన్‌బీ “ఇంతే మ్మా, ఇంతే” అంటోంది. ఆ క్షణం ఇంకాస్త నిలిచి ఉంటే ఎంత బాగుండేది!

“రంగు! రంగు పోతాంది!” అని ఎవరో కేకేశారు.

నా అంచు నుంచి సన్నటి పసుప్పచ్చ గీత నీళ్ళలోకి సాగుతోంది. ఆడవాళ్ళందరూ ఒకరినొకరు తోసుకుంటూ గట్టెక్కారు. “థూ, ఆ నీళ్ళు నా నోట్లోకి పోయినాయి” అని ఒకామె ఉమ్మింది. రంగు పోయే బట్ట కొలనులోకి రాకూడదని నియమం. స్వర్ణలత ఇబ్బందిగానే అడిగింది.

“ఇప్పి ఇయ్యమ్మా. ముంచి సూడల్ల.”

బట్టలు మార్చుకునే గది తలుపు సందులోంచి హుసేన్‌బీ చెయ్యి ఒక్కటే బయటికి వచ్చింది. ఒళ్ళు కనపడకూడదని ఎంతో జాగ్రత్తగా కుట్టుకున్న బట్టను అందరూ కలిసి విప్పించారు. నాకు అంత ఏడుపు ఎప్పుడూ రాలేదు. బట్టలం, మేము ఏడిస్తే నీళ్ళు కారుతున్నాయనే అనుకుంటారు.

స్వర్ణలత నన్ను గట్టు మీదున్న బకెట్టులో ముంచి పిసికింది. నీళ్ళు బాగుండాలని రోజూ కొలనులో కలిపే సోడా పొడిని ఆమె కరిగించేది ఆ బకెట్టులోనే. అడుగున ఇంకా కాస్త మిగిలి ఉంది. చూస్తుండగానే బకెట్టు నీళ్ళు ఎర్రబడ్డాయి.

తుండు పైకి లాక్కున్న ఆమె బకెట్టులోకి తొంగి చూసి అంది. “రంగు గాదక్కా ఇది. ఆ మూడు దినాల్లో వచ్చినట్టుండాది.”

చీర చుట్టుకొని బయటికి వచ్చిన హుసేన్‌బీ ఆ మాట విని గుమ్మంలోనే ఆగిపోయింది. “కాదు మేడం, నాకేం లేదు, అల్లా మీద ఆన” అంది. ఆ ఎరుపు ఎక్కడిదో ఆమెకే తెలియదు. గట్టు మీద తడి జుట్టుతో నిలబడ్డ నసీమా ఒక్కొక్కరి మొహమే చూస్తోంది.

ఇందుమతి వంగి నన్ను బకెట్టులోంచి తీసి పిండింది. అంచు దగ్గర ఆమె వేళ్ళు ఆగాయి. తిప్పి చూసింది. లోపలి మడతలో పసుపు ఇంకా మిగిలే ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంది. పసుపులో సున్నం కలిస్తే నీళ్ళు ఎర్రబడతాయని ఆమెకు ఒకరు చెప్పాలా? పెళ్ళిళ్ళలో హారతికి ఎర్రనీళ్ళు కలిపే చెయ్యి అది, మనవళ్ళకు దిష్టి తీసే చెయ్యి అది. సోడా చేసిందీ ఆ పనే. ఆమెకు తెలిసిపోయింది. ఆమెకు తెలిసిందని ఆ వేళ్ళలో నాకూ తెలిసింది. చెప్పు తల్లీ, ఒక్క మాట చెప్పు అని లోలోపల మొత్తుకున్నాను.

ఆమె పసుపు లోపలికి పోయేలా నన్ను మడిచి హుసేన్‌బీ చేతిలో పెట్టింది.

“రేపు మామూలు కాస్ట్యూమ్ ఏసుకోని రామ్మా, లేకుంటే రావద్దు” అంది స్వర్ణలత.

ఇంట్లో సంగతి వినగానే దస్తగిరమ్మ నుదురు కొట్టుకుంది. “నేనే పెట్టినా మ్మే పసుపు! నా చేతులిరగ!” హుసేన్‌బీ నన్ను ఉతికి ఆరేసి, ఇక ఆ కొలను ముఖం చూడనని చెప్పి వంటింట్లోకి పోయింది. కాసేపటికి నసీమా వెనకే వెళ్ళి ఆమె కొంగు పట్టుకుంది.

“అమ్మా, ఈ పొద్దు నేను అరవలే గదా?”

మర్నాడు మళ్ళీ వెళ్ళాం. ఆమె చీరలో, నేను సంచిలో. హుసేన్‌బీ గట్టు మీద నిలబడి అందరికీ చెప్పింది, అది పసుపని, అత్త పెట్టిందని.

“మీరు పసుపు పెట్టేదేంది? సాయిబులు గదా మీరు?” అని ఒకామె నవ్వింది.

“పెడ్తామక్కా. కొత్తబట్ట ఏదైనా మా ఇంట్ల పెడ్తాం.”

“రేతిరంతా కూచోని కత అల్లుకోని వచ్చినావు” అంది ఇంకొకామె. అందరూ నవ్వారు. ఎర్రనీళ్ళు తెలియని ఆడది అక్కడ ఒక్కతీ లేదు. పసుపు వాళ్ళకు తెలుసు, నమ్మబుద్ధి కానిది పెట్టిన మనిషిని. ఇందుమతి మాత్రం నవ్వలేదు. గొంతు దాకా నీళ్ళలో నిలబడి ఎటో చూస్తోంది.

“నేనేం చేసేదమ్మా? నువ్వు దిగితే మేం దిగమంటాండారు వీళ్ళు. పిల్లను పంపియ్యి, నేను సూసుకుంటా” అని స్వర్ణలత నసీమా చెయ్యి పట్టుకుంది. రెండో మెట్టు మీదే పిల్ల కెవ్వున అరిచి పక్కనున్న ఇనప కడ్డీని కరచుకుంది. “అమ్మా! అమ్మా!” ఆ కేక తల్లి కాలవ గట్టున విన్న కేకే. హుసేన్‌బీ మళ్ళీ గట్టు మీదే, మళ్ళీ చూస్తూనే. సంచి జారవిడిచి, చీరతోనే మెట్టు మీద కాలు పెట్టింది.

“చీరతో వద్దు! సుట్టుకుంటాది!” స్వర్ణలత అరిచింది. ఆమె ఆగలేదు, రెండో మెట్టు దిగింది.

“ఆగు మ్మా!”

ఇందుమతి నీళ్ళలోంచి బయటికి వస్తోంది. తుండు కోసం చూడలేదు. ఉబ్బిన నరాలతో నల్లబడ్డ పిక్కలు అందరికీ కనపడుతున్నాయి. ఇన్నాళ్ళూ ఆమె దాచుకున్నది వాటినే. నేరుగా వచ్చి తన గౌను అంచు తిరగేసి స్వర్ణలత ముందు పట్టుకుంది. వెలిసిపోయిన పసుపు మరక.

“ఇదో, సూడండి. నేనూ పెట్టినా. మొదటి దినం నా బట్టకూ పోయింది పసుపు. ఎవురూ గట్టెక్కలే. ఎవురూ బకెట్టు తేలే.” కింద పడిన సంచి వైపు చెయ్యి చూపింది. “ఆ బట్టకుండేది పసుపే. నేను నిన్ననే సూసినా.”

హుసేన్‌బీ మోకాలి లోతు నీళ్ళలో నుంచి తలెత్తి అడిగింది. “నిన్న ఎందుకు చెప్పలేదక్కా?”

ఇందుమతి ఆ సంచిలోంచి నన్ను తీసి, దులిపి, రెండు చేతులతో ఆమెకు అందించింది.

ఆ పొద్దు నన్ను వేసుకొని హుసేన్‌బీ దిగినప్పుడు ఇద్దరు ఆడవాళ్ళు విసవిసా గట్టెక్కి వెళ్ళిపోయారు. మిగిలినవాళ్ళు కాస్త ఎడంగా జరిగారు. నసీమా కడ్డీ వదిలి నా కుచ్చిళ్ళు పట్టుకుంది. కొన్నాళ్ళకు కుచ్చిళ్ళూ వదిలింది.

ఇప్పుడు నేను పరుపుల కొట్టులో మేకుకు వేలాడుతున్నాను. క్లోరిన్‌కు నా నీలం బూడిదరంగుకు తిరిగింది, మెడ దగ్గర సాగు పోయింది. అయినా పారేయలేదు. నేను ఆది బట్టను. కొత్తది కావాలని వచ్చినవాళ్ళకు నన్ను పరిచి, ఎక్కువ తక్కువలు చూసుకొని కుడుతుంది హుసేన్‌బీ. కాన్పు కోత దాచుకునేవాళ్ళు, బొల్లి మచ్చలున్నవాళ్ళు, ఊరికే సిగ్గున్నవాళ్ళు, అన్ని ఇళ్ళవాళ్ళూ వస్తారు. మొదట వచ్చింది ఇందుమతి. “కాళ్ళు పాదాల దాకా పెట్టమ్మా” అంది. హుసేన్‌బీ ఎందుకని అడగలేదు, టేపు తీసుకుంది.

నసీమాకు నేను నచ్చను. ఈత పందేలకు మోకాళ్ళ దాకా, పొట్టి చేతులతో కుట్టించుకుంటుంది. దస్తగిరమ్మ తిడుతుంది, తిడుతూనే దాని అంచుకు పసుపు అద్దుతుంది. ఒకసారి ఆమే అడిగింది. “ఉతికి పంపుదామా మ్మే? మళ్ళా ఎవురన్నా అంటారేమో.”

“వద్దత్తా. పోనీ” అంది హుసేన్‌బీ.

కొత్త డ్రెస్సు వేసుకున్న మొదటి రోజు ఇప్పటికీ నీళ్ళలో పసుప్పచ్చ గీత సాగుతుందట. ఇప్పటికీ ఒకరిద్దరు గట్టెక్కుతారట. నసీమా వెనక్కి తిరిగి చూడదు, అప్పటికే అవతలి గట్టు దగ్గర ఉంటుంది.