రెండు భాగాలు, ఒక్క బోణీ

అనంతయ్య సెట్టికి పల్లీనూనె మిల్లు, ఆయన తమ్ముడు జ్ఞానేశ్వర్‌కు పత్తి విత్తనాల కంపెనీ. కర్నూలులో ఇద్దరి ఆఫీసూ ఒకటే, ఇద్దరికీ సర్వర్ కూడా ఒకటే. బీరువా అంత ఉండే ఆ యూనిక్స్ యంత్రాన్ని రెండు భాగాలు చేసి, మెమరీ సమానంగా పంచి, అన్నకొకటి తమ్ముడికొకటి ఇచ్చారు. ఎవరి వాటాలోనైనా సగానికి పైగా మెమరీ ఊరికే పడి ఉంటుంది. అయినా అందులోంచి చెంచాడు వదలమంటే ఇద్దరికీ ప్రాణం మీదికి వస్తుంది.

ఆ సర్వర్‌ను చూసుకునే సాహితిది కమలాపురం. బెంగళూరు హాస్టల్ తిండికి దండం పెట్టి, ఇంటికి దగ్గరని ఈ ఉద్యోగంలో చేరింది. ఆమెకు మూడో భాగం ఒకటి కావాలి. కొత్త ప్రోగ్రాం ఏదొచ్చినా ముందు అందులో నడిపి చూసుకోవచ్చు. అది లేకనే పోయిన సీజనులో ఒక మార్పును నడుస్తున్న భాగంలోనే పెట్టేసింది. విత్తనాల బిల్లింగ్ మధ్యాహ్నం దాకా మంచమెక్కింది. "ఇంగొక్కసారి ఇట్లయిందంటే నువ్వు బెంగళూరు బస్సెక్కాల్సిందే" అన్నాడు జ్ఞానేశ్వర్. నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వును సాహితి ఇంకా మరిచిపోలేదు. ఉగాది పోగానే వ్యాట్ లెక్కల కొత్త ప్రోగ్రాం ఎక్కించాలి మరి.

వెళ్ళి పెద్దాయన్ని అడిగింది.

"చిన్నోని దాంట్లో తీసుకో పాపా. నాది ముట్టొద్దు."

చిన్నాయన్ని అడిగింది.

"అన్న ఎంతిస్తే నేనూ అంత ఇస్తా. ముందు అన్నను ఇయ్యమను."

ఇలాంటి అన్నదమ్ముల మధ్య పడినవాళ్ళు ఏడవనైనా ఏడవాలి, ఆటైనా పట్టించాలి. సాహితికి ఏడుపు అంత తొందరగా రాదు.

ఆ ఇంట్లో ఉగాది నాడు కొత్త లెక్క మొదలు. తొలి బిల్లు ఎవరు తల్లి సుందరలక్ష్మమ్మ చేతిలో పెడితే ఆ ఏడాది బోణీ వాళ్ళది. తండ్రి బతికున్న రోజుల్లో కొట్టు షట్టరు ముందు ఎత్తినవాడిది బోణీ. ఇప్పుడు ముహూర్తానికి సర్వర్‌ను ఆపి మళ్ళీ మొదలుపెడతారు, ఎవరి భాగం ముందు లేస్తే వాళ్ళది.

ముందు రోజు అనంతయ్య మెల్లగా సర్వర్ గదిలోకి వచ్చాడు.

"రేపు ఎవరిది ముందు లేస్తాది పాపా?"

"మెమరీ ఎవరికి తక్కువుంటే వాళ్ళది సార్. లేసేముందు మెమరీ అంతా తడిమి చూసుకుంటాది. ఎక్కువుంటే ఎక్కువసేపు పడ్తాది" అంది సాహితి, పాలు తాగే పిల్లిలాంటి ముఖంతో.

అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు. చెప్పకుండా దాచింది మాత్రం ఒకటుంది, దాని సంగతి తర్వాత.

అనంతయ్య గడ్డం గోక్కున్నాడు. "అయితే నాది రవ్వంత తగ్గియ్యి. చిన్నోనికి చెప్పొద్దు."

ఆయన అటు వెళ్ళగానే ఇటు జ్ఞానేశ్వర్ వచ్చాడు. "అన్న వచ్చిపోయినట్టుండాడే?"

సాహితి నేల చూపులు చూసింది. తలుపవతల సగం మాటలు విన్న ఆయనకు ఆ చూపే చాలింది.

"నాది ఇంగా తగ్గియ్."

మార్కెట్ యార్డులో వేలంపాట పైకి పోతుంది. ఆ సాయంత్రం వీళ్ళ పాట కిందికి పోయింది. అన్న వచ్చి కొంత తగ్గించమనడం, తమ్ముడు వచ్చి ఇంకొంత తగ్గించమనడం. చివరికి సాహితే చెయ్యి అడ్డం పెట్టింది. "ఇంతకన్నా తగ్గిస్తే బిల్లే రాదు సార్" అని ఇద్దరినీ ఒకే చోట ఆపేసింది. మిగిలిందంతా మూడో భాగానికి పెట్టుకుంది.

ఉగాది పొద్దున సుందరలక్ష్మమ్మ ఏసీ చలికి శాలువా కప్పుకుని సర్వర్ గదిలో కుర్చీ వేసుకుని కూర్చుంది. రెండు భాగాలూ కలిసి మొదలయ్యాయి, నిదానంగా తడుముకున్నాయి, కలిసే లేచాయి. రెండు ప్రింటర్లలో రెండు బిల్లులూ ఒక్కసారే వచ్చాయి. ఆమె చేతికొకటి తీసుకుంది. అన్నదమ్ములు ఒకరినొకరు గుర్రుగా చూసుకుని, పైనున్న ఇంట్లోకి పూర్ణం పెట్టిన బక్ష్యాలు తినడానికి పోయారు.

గది ఖాళీ అయిందనుకుని సాహితి మూడో భాగం మొదలుపెట్టింది. రెప్పపాటులో లేచి కూర్చుంది.

"అదేంది పాపా?"

సాహితి ఉలిక్కిపడింది. అవ్వ కుర్చీలోంచి కదలనే లేదు.

"మూడో భాగం అవ్వా. మీ వాళ్ళు వద్దన్న మెమరీ దీనికి పెట్టినా."

"శానా మిగిలిందా?"

"ఇద్దరికీ ఉండేదానికంటే ఎక్కువే."

"ఎక్కువుంటే నిదానమని పెద్దోడు చెప్పె. మరి ఎక్కువున్నేది ఇంత బిర్న ఎట్ల లేసె?"

సాహితికి బెంగళూరు బస్సు కళ్ళ ముందుకొచ్చి ఆగింది. అవ్వ కళ్ళ ముందు దాచి లాభం లేదనుకుంది.

"లేసేది రెండు రకాలుగా పెట్టుకోవచ్చవ్వా. అంతా తడుముకుంటా నిదానంగా లేసేదొకటి, తడుముకోకుండా జల్దీ లేసేదొకటి. దీన్ని జల్దీలో పెట్టినా."

"మావోళ్ళవి?"

"...నిదానంలో."

సుందరలక్ష్మమ్మ శాలువా అంచు నోటికి అడ్డం పెట్టుకుని, భుజాలు ఊగేలా నవ్వింది.

"చిన్నప్పుడు పండగనాడు, ముందు తిని లేసినోడే షట్టరెత్తల్లని చెప్తాంటి. ఇద్దరూ ఒక్కో బక్ష్యం మింగి ఉరుకుతాండ్రి."

"మిగిలినవి?"

"వంటింట్లో కాళ్ళు సాపుకోని నేను తింటాంటి."

సాహితికి పోయిన ప్రాణం తిరిగొచ్చింది. నవ్వు ఆపుకోలేకపోయింది. పైనుంచి జ్ఞానేశ్వర్ కేక వినబడింది: "అమ్మా, ఆ పాపను గూడ పిలుచుకోనిరా, తిందురు!"

సాహితి లేవబోయింది. అవ్వ ఆమె చెయ్యి పట్టి కూర్చోబెట్టింది.

"ఉండు పాపా. వాళ్ళను తిని లేవనీ. మిగుల్తాయి."