బావ బండి మెడ

అక్క బండి నడపడం మానేసిందన్న సంగతి గడ్డం మేస్త్రికి అందరికంటే ఆలస్యంగా తెలిసింది. అదీ ఆమె చెప్పలేదు. తను పనిచేసే రక్తపరీక్షల ల్యాబ్‌కి ఈ మధ్య బస్సులో వెళ్తోందని ఆమె ఎదురింటావిడ మాటల మధ్యలో అనేసింది.

మేస్త్రి మోటారు సైకిళ్ల ఫ్రేములు కోసి అతికే మనిషి. వెల్డింగు రవ్వలు పడి గడ్డం అక్కడక్కడా మాడిపోయినా దాన్ని తియ్యడు. పనిలో వెంట్రుకవాసి తేడా వస్తే ఆ రోజు అన్నం సయించదు. మనుషుల దగ్గరికి వచ్చేసరికి మాత్రం వట్టి మొద్దు. ఎవరైనా "బాగుంది" అంటే బాగుందనే అనుకుంటాడు.

ఆ బండి బావది. కాళ్లు ముందుకు చాపుకుని దర్జాగా కూర్చునే క్రూయిజర్. బావ ఉన్నన్నాళ్లూ మేస్త్రి చెవిలో జోరీగే. "బావమరిదీ, ఆ ముందు చక్రాన్ని ఇంకాస్త దూరం జరపవయ్యా. వీధి మలుపులో నాకంటే ముందు నా చక్రం కనపడాలి!" అనేవాడు. "చేతిలో పని అవనీ బావా" అనేవాడు మేస్త్రి. చేతిలో పని ఎప్పుడూ అవలేదు. ఒక మధ్యాహ్నం కుర్చీలో కూర్చున్న మనిషి కూర్చున్నట్టే పోయాడు బావ.

ఆ తర్వాత బండిని అక్క తీసింది. నేర్పింది బావే, వెనక కూర్చుని, ఆమె భుజాల మీదుగా చేతులు చాపి హ్యాండిల్ పట్టుకుని. సన్నటి మనిషి అంత బండి మీద వెళ్తుంటే వీధంతా నోరు తెరుచుకుని చూసేది. ఎవరేమనుకున్నా ఆమె ఖాతరు చేసేది కాదు. బావ పోయాక ఆమె మొహంలో నవ్వు కనపడేది ఆ కాసేపే.

మేస్త్రికి బావ మాట గొంతులో ముల్లులా ఉండిపోయింది. ఎలాగైనా ఆ కోరిక తీర్చాలనుకున్నాడు. సర్వీసు చేసిస్తానని అక్కకి చెప్పి బండి షెడ్డుకి తెచ్చుకున్నాడు.

ఫ్రేముకి ముందువైపు హ్యాండిల్ తిరిగే గొట్టం ఉంటుంది. షెడ్డులో దాన్ని మెడ అంటారు. దాని వాలు పెంచితే చక్రం ముందుకు పోయి బండికి రాజసం వస్తుంది. అయితే ఆ వాలు వెంట నేలదాకా గీత గీస్తే, ఆ గీత తాకిన చోటికి కాస్త వెనకగా టైరు నేలను తాకుతుంది. ఆ రెంటి మధ్య జానెడు కూడా లేని ఎడం ఉంది చూశారూ, బండి బుద్ధంతా అందులోనే ఉంటుంది. ఎడం పెరిగితే హైవే మీద బాణంలా పోతుంది గానీ, సందుల్లో హ్యాండిల్ బరువెక్కి ఒక పక్కకి ఒరిగిపోతుంది. మరీ తగ్గితే సందుల్లో హాయి, వేగంలో బండి తల ఊపుతుంది. ఇదంతా మేస్త్రికి కొట్టినపిండి.

మేస్త్రి మెడ కోసేశాడు. పాతదాన్నే వంచి అతకడం అతని దృష్టిలో తప్పుడు పని, అందుకని కొత్త గొట్టం వేశాడు. గీత పడనివ్వనంత గట్టి రంగు కొట్టాడు. మెడకి ఉన్న తాళం పక్కన, తాళాలగుత్తి తగిలే చోట చిన్న రబ్బరు ముక్క కూడా అతికించాడు. ఎడం పెరిగిందని తెలుసు. తెలిసే హైవే మీదికి తీసుకెళ్లి చూశాడు. చేతులు వదిలేసినా తిన్నగా పోయింది. "చూశావా బావా!" అని గాలిలోకి అరిచాడు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి.

బండి అప్పగించిన రోజు అక్క దాని చుట్టూ ఒకసారి తిరిగింది. మెడ మీద బొటనవేలితో అటూ ఇటూ తడిమింది. వెల్డింగు చూస్తోంది కాబోలు అనుకుని మేస్త్రి ఉబ్బిపోయాడు.

"బాగుందిరా" అంది అక్క.

ఇంకేం, అంతే అనుకున్నాడు.

ఎదురింటావిడ మాట విన్న రోజే మేస్త్రి అక్క ఇంటికి వెళ్లాడు. మెట్ల కింద బండి మీద దుప్పటి కప్పి ఉంది. తీసి చూస్తే ఎడమ హ్యాండిల్ కొస చెక్కుకుపోయి ఉంది, అందులో నీలం సున్నం. సందు మలుపులో గోడ నీలం.

అక్క టీ గ్లాసు కుడిచేత్తో ఇచ్చింది. ఎడమ మణికట్టుకి పట్టీ ఉంది.

"చెయ్యి తలుపు సందులో పడిందని మొన్న ఫోన్లో అన్నావు కదే?"

"నీ దగ్గర అబద్ధం నిలబెట్టుకోవడం కూడా రాదురా నాకు" అంది అక్క. "మలుపు దగ్గర హ్యాండిల్ ఉన్నట్టుండి పక్కకి పడిపోయింది. ఆపలేకపోయాను. నీకైతే ఆ కండలున్నాయి."

"ముందే చెప్పొచ్చుగా!"

"ఎలా చెప్పను? బావ కోరిక తీర్చానని చిన్నపిల్లాడిలా మురిసిపోతున్నావు."

మేస్త్రి టీ గ్లాసు కింద పెట్టేశాడు. హైవే మీద పరీక్షించాడు గానీ, అక్క రోజూ తిరిగేది ఈ సందుల్లోనన్న ముక్క తలకెక్కలేదు. పోయినవాడి ముచ్చట చూసుకున్నాడు, ఉన్నదాని చేతులు చూడలేదు. తనని తాను చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

బండి మళ్లీ షెడ్డుకి తెచ్చాడు. మిగతా పనులన్నీ పక్కన పడేశాడు. ముందు చక్రాన్ని మోసే గొట్టాలను మెడకి పట్టి ఉంచే రెండు ప్లేట్లను కొద్ది వాలుతో కొత్తగా మలిచాడు. దాంతో చక్రం మరి కాస్త ముందుకు జరిగి, ఆ ఎడం తగ్గుతుంది. ఫ్రేము ముట్టుకోకుండా ఇలాంటి ప్లేట్లొక్కటే తగిలించి, ఎడం లేకుండా చేసి మనుషుల్ని రోడ్డు మీదికి తోలేవాళ్లంటే మేస్త్రికి ఒళ్లు మంట. అందుకే దారానికి గుండు కట్టి వేలాడదీసి, నేల మీద సుద్దతో గీసుకుని, చెరిపి, మళ్లీ గీశాడు. ఎడం బావ రోజుల్లో ఎంతుందో అంతకి వచ్చేదాకా వదల్లేదు. ఈసారి హైవేతోపాటు చేపల మార్కెట్ వెనక ఇరుకు సందుల్లో, నడక వేగంతో, ఒంటిచేత్తో తిప్పి చూశాడు.

అక్క మణికట్టు బాగుపడ్డాక బండి తెచ్చి వాకిట్లో నిలబెట్టాడు. "అక్కా, ఒక్కసారి ఎక్కు. నచ్చకపోతే నేనే తోసుకుపోతా."

ఆమె ఎక్కింది. సందు చివరిదాకా వెళ్లి, నీలం గోడ దగ్గర చులాగ్గా తిప్పుకుని వచ్చేసింది.

"అచ్చం పాతబండిలానే తిరుగుతోందిరా" అంది. ఇంజను ఆపి, మళ్లీ బొటనవేలితో మెడ తడిమింది. ఈసారి వెల్డింగు చూడటం లేదని మేస్త్రికి కూడా అర్థమైంది.

"ఏంటక్కా?"

"ఏం లేదు. ఇక్కడ బావ తాళాలు తగిలి తగిలి రంగు అరిగిపోయి, ఇనుము నున్నగా ఉండేది. బండి తీసే ముందు వేలు అక్కడ పెట్టుకునేదాన్ని." మెడ మీంచి వేలు తియ్యకుండానే అడిగింది. "ఆ పాత ముక్క ఉందా?"

మేస్త్రి దాన్ని కోసిన రోజే పాత ఇనుము కొనేవాడి బండిలోకి గిరాటేశాడు. అది ఈపాటికి కరిగి ఏ మేకుగానో, ఏ గేటుగానో మారి ఉంటుంది.

"లేదక్కా."

"పోనీలేరా" అంది అక్క. నవ్వడానికి ప్రయత్నించింది గానీ కుదరలేదు.

మేస్త్రి ముందుకు వంగి, తాళం పక్కన తను అతికించిన రబ్బరు ముక్కని గోటితో పీకేశాడు. జిగురు కూడా చొక్కా అంచుతో తుడిచాడు.

"గీతలు పడతాయేమోరా."

"పడనీ."

మర్నాడు ఉదయం అక్క ల్యాబ్‌కి బండి మీదే వెళ్లింది. బావ తాళాలగుత్తి మెడకి తగులుతూ టకటకమంటోంటే మేస్త్రి సందు మొదట్లో నిలబడి విన్నాడు. అక్కడ రంగు అరగడానికి చాలా ఏళ్లు పడుతుంది. ఆ రంగు కొట్టింది తనే, గట్టిగా కొట్టాడు.