గుమ్మం పక్కవాడి పేరు

“మూడు వారాలైంది. ఒక్కసారైనా వాణ్ణి పేరు పెట్టి పిలవవేమమ్మా?” అన్నాడు మా ఆయన హర్యాది.

మా అత్తగారు నేల మీద పీట వేసుకుని ఎర్ర ఉల్లిపాయలు ఒలుస్తోంది. తలెత్తలేదు.

“పిలుస్తున్నాగా, బుజ్జిగా అని.”

“వాడి పేరు ఓస్లో.”

“అది ఊరి పేరు. అంత ఊరిని వాడెలా మోస్తాడురా? ఉన్నదే రెండు కిలోల ఏడొందలు.”

“వెరోనా మోయడం లేదూ? దానిదీ ఊరి పేరే. పుట్టి ఏడేళ్ళయింది, ఒక్క జలుబు లేదు.”

“అది ఆడపిల్ల. మొండిది. నీ పోలిక కాదు.”

అప్పడం నములుతున్న వెరోనా కిసుక్కున నవ్వింది. నాకు నవ్వు రాలేదు. నా ఒళ్ళో వాడు పాలు తాగకుండా, కళ్ళు తెరుచుకుని వీధి గుమ్మం వైపు చూస్తున్నాడు.

పుట్టినప్పుడు మూడు కిలోల పైనే ఉన్నాడు. ఐదో రోజున ఎరుపూ తెలుపూ జావ కాచి, పొరుగువాళ్ళకు పంచి, పిల్లవాడి పేరు అందరికీ చెప్పాడు హర్యాది. అప్పటినుంచీ తగ్గుతున్నాడు. రక్తపరీక్షలో ఏమీ లేదు. “గురువారానికి ఇంకో వంద గ్రాములు తగ్గితే జిల్లా ఆసుపత్రికి తీసుకెళ్ళండి” అంది కాన్పు చేసిన నర్సమ్మ. ఆ మాట అన్నాక నా మొహం చూడలేదు.

హర్యాది ఇరవై ఏళ్ళుగా పోస్టాఫీసులో ఉత్తరాలు వేరుచేస్తున్నాడు. సెమరాంగ్ నగరం దాటి ఎరగడు. పెళ్ళైన కొత్తలో తన పాత అట్లాసు తెచ్చి నా ముందు విప్పి, “మనం వెళ్ళలేకపోయినా ఈ ఊళ్ళన్నీ మనింట్లో తిరుగుతాయి చూడు” అన్నాడు. ఆ మాటకే నేను అతన్ని ఇష్టపడ్డాను. అందుకే పేర్ల గొడవలో ఇన్నాళ్ళూ అత్త వైపు మాట్లాడలేదు.

ఆ మధ్యాహ్నం అత్త బజారుకు వెళ్ళింది. హర్యాది ఆఫీసులో ఉన్నాడు. ఎండకు పెంకులు పేలుతున్నాయి. పిల్లవాణ్ణి చాపమీద పడుకోబెట్టి పక్కనే నడుం వాల్చాను. వసారాలో వెరోనా ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

“ఓస్లో...” అంది.

చాపమీద వాడు బిగుసుకుపోయాడు. ఏడవలేదు. ఊపిరి బిగబట్టాడు. కళ్ళు మళ్ళీ గుమ్మం వైపు. ఎవరినో పిలిస్తే, ఆ మనిషి లేచి వెళ్ళేదాకా దారివ్వాలని మనం ఒదిగి నిలబడతామే, అలా ఉన్నాడు. కాసేపటికి ఊపిరి వదిలాడు.

“ఓస్లో... రావా? బువ్వ తింటావా?”

మళ్ళీ అంతే.

నేను లేచి వసారాలోకి వెళ్ళాను. గుమ్మం కుడిపక్కన, కాన్పులో పిల్లవాడి వెనకాలే పడిన మాయను కుండలో పెట్టి పాతిన చోట వెదురుబుట్ట బోర్లించి ఉంది. లోపల బల్బు. మా ఆచారం ప్రకారం బిడ్డ పుట్టాక ముప్పై అయిదు రోజులూ రాత్రీపగలూ వెలగాలి కదా. వెరోనా ఆ బుట్టకు చెవి ఆనించి కూర్చుంది.

“ఎవరితో మాట్లాడుతున్నావే?”

“తమ్ముడితో.”

“తమ్ముడు లోపల పడుకున్నాడు.”

“వాడు పలకడమ్మా. వీడే పలుకుతాడు. పిలిస్తే ఊఁ అంటాడు.” అప్పడం ముక్క ఒకటి బుట్ట సందులోంచి లోపలికి తోసింది. “చలిగా ఉందంట.”

దాని చెయ్యి పట్టి లేవదీసి, బుట్ట ఎత్తాను. బల్బు వెలుగుతూనే ఉంది. కానీ గాజుమీద మంచు పట్టినట్టు తడి. బొట్లు బొట్లుగా కారుతోంది. మట్టిమీద అరచెయ్యి పెట్టాను. ఐసుపెట్టెలో పెట్టినట్టు జివ్వుమంది. బుట్ట అవతల అదే నేలమీద, ఎండకు నా పాదాలు కాలుతున్నాయి.

వెరోనా ఆ సందులోంచి రోజూ ఎన్ని అప్పడం ముక్కలు వేసిందో! ఒక్కటీ లేదు. చీమ కూడా లేదు.

సాయంత్రం హర్యాది సైకిలు దిగుతుండగానే అడిగాను.

“వెరోనా నాన్నా, మాయ కుండలో ఏమేం పెట్టారు?”

“అందరూ పెట్టేవే. ఉప్పు, పసుపు, బియ్యం, సూది. చదువు రావాలని పెన్సిలూ, కాగితమూ.”

“ఏం కాగితం?”

అతను సైకిలు స్టాండు వేసి, మళ్ళీ తీసి, మళ్ళీ వేశాడు. “అట్లాసులోంచి చిన్న ముక్క కత్తిరించాను. ఆ ఊరున్న చోటు. దానిమీద పేరు రాసి పెట్టాను. మంచిదే కదా?”

బజారు సంచీ సర్దుతున్న అత్త చేతులు ఆగిపోయాయి.

“ఏ రోజు?”

“పుట్టిన రోజే. అదేరోజు పాతిపెట్టాలి కదమ్మా.”

“అంటే పిల్లాడికి ఐదో రోజున చెప్పిన పేరు, మొదటిరోజునే వాడికి ఇచ్చావు.” గుమ్మం వైపు చూపించలేదు. చూపించక్కర్లేకపోయింది. “మాయంటే తోడబుట్టినవాడురా. వీడి వెనకాలే వచ్చిన తమ్ముడు. ముందు వాడికి పేరు పెట్టి, అదే పేరు తెచ్చి వీడికి తొడిగావు. నువ్వు పిలుస్తుంటే ఎవడు పలకాలి?”

“అమ్మా, కాగితం ముక్క...”

“తవ్వి తీసేద్దామా?” అన్నాను నేను.

“ఇచ్చినదాన్ని ఎలా లాక్కుంటావమ్మా? పసివాడు వాడు కూడా.”

నేను లోపలికి వెళ్ళి పిల్లవాణ్ణి తీసుకున్నాను. వాడి అరికాళ్ళు చల్లగా ఉన్నాయి. ఏ పేరుతో పిలవాలో తెలియలేదు. పెరటి కిటికీలోంచి సెరాయు నది చప్పుడు వినిపిస్తోంది. నా చిన్నప్పటినుంచీ వింటున్న చప్పుడే. నేను పుట్టిన ఊరూ ఆ ఒడ్డునే, రెండు వంతెనలు దాటాక ఎగువన.

“సెరాయూ” అన్నాను చెవిలో. “నాన్నా, సెరాయూ.”

వాడు గుమ్మంనుంచి కళ్ళు తిప్పి నన్ను చూశాడు. పుట్టాక మొదటిసారి నా మొహాన్ని వెతుక్కుంటూ చూశాడు. ఆకలిగా రొమ్ము అందుకున్నాడు. నొప్పికి నేను పళ్ళు బిగించాను. ఏడుపొచ్చింది.

హర్యాది తలుపు దగ్గర నిలబడి ఉన్నాడు.

“అది మన పెరటి నది. ఈ జిల్లా దాటితే ఎవరికి తెలుసు?”

“ఎవరికీ తెలియనక్కర్లేదు. నాకు వీడు ఇక్కడుంటే చాలు.”

రాత్రి భోజనానికి ముందు అట్లాసు విప్పి కూర్చున్నాడు. చలిదేశాల పేజీలో నలుచదరంగా కత్తిరించిన చోట వేలు పెట్టి, అవతలి పేజీలోని సముద్రాన్ని తడుముతూ ఉండిపోయాడు.

గురువారం తూకంలో నూట ఎనభై గ్రాములు పెరిగాడు. నర్సమ్మ రెండోసారి తూచింది. “ఏం మందు వేశారు?” అని అడిగింది. మా అత్త, “పాలే” అంది.

ముప్పై అయిదో రోజుకు బంధువులంతా వచ్చారు. జావ కాచాం. పిల్లవాడి జుట్టు కొసలు కత్తిరించాం. హర్యాది బాబాయి కొత్త టోపీ సర్దుకుని, “ఏమిట్రా ఆ పేరు, నోరు తిరగడం లేదు, ఓస్...” అన్నాడు.

“బాబాయ్, అనొద్దు” అన్నాడు హర్యాది.

పెద్దగా అనలేదు. అయినా చాపమీద అందరూ అతనివైపు తిరిగారు. వసారాలో ఎవరో, లాంఛనం ప్రకారం బుట్ట ఎత్తి బల్బు తీయడానికి వంగారు.

“దాన్నీ తీయొద్దు. ఇకముందూ వెలుగుతుంది.”

అత్త చిన్న గిన్నెలో జావ పోసి పట్టుకుని నిలబడింది. వెరోనా ఆ గిన్నె అందుకుని గుమ్మం వైపు నడిచింది. నేను పిల్లవాణ్ణి గుండెకు హత్తుకున్నాను.

హర్యాది ఒకసారి గొంతు సవరించుకున్నాడు.

“మా పెద్దబ్బాయి పేరు సెరాయు. అందరూ అలాగే పిలవండి. ఆ రెండో పేరు గుమ్మం పక్కనున్న చిన్నవాడిది. దాన్ని ఈ ఇంట్లో ఎవరూ పైకి అనొద్దు.”