తోమిన చేతులు

సంచి అడుగున ముందు తువ్వాలు పెట్టాను. దాని మీద రెండు చొక్కాలు, నలగకుండా చేతులు లోపలికి మడిచి. ఆ పైన దువ్వెన, సబ్బు, పాత యజమాని రాసిచ్చిన ఉత్తరం ఉన్న కవరు. పక్క అరలో రొట్టె పొట్లం, నీళ్ళ సీసా. జిప్పు వేశాను. మళ్ళీ తీసి, కవరు ఉందని చూసుకుని, మళ్ళీ వేశాను.

"ఇప్పటికి నాలుగుసార్లు తీశావు. దాని పళ్ళు ఊడిపోతాయక్కా," అన్నాడు తమ్ముడు, బూట్లు తుడుచుకుంటూ.

"కవరు ఉందా లేదా అని."

"ఎక్కడికి పోతుంది? దానికేమన్నా కాళ్ళున్నాయా?"

బండి ఆరున్నరకి. అప్పటికింకా అయిదు కాలేదు. వాడు ఆ ఊరికి వెళ్ళడం అయిదు రోజుల్లో అది రెండోసారి. మొదటిసారి వట్టి చేతులతో తిరిగొచ్చాడు. వట్టి చేతులంటే నిజంగానే వట్టివి. ఆ తప్పు నాది.

మా తమ్ముడు రంగుల కార్ఖానాలో పనిచేసేవాడు. మరిగే తొట్లలో నూలు కట్టలు ముంచి తియ్యడం, ఎవరైనా గుడ్డముక్క తెచ్చి ఇస్తే అచ్చం ఆ రంగే కలిపి పెట్టడం వాడి పని. పదకొండేళ్ళు చేశాడు. మణికట్టు దాకా వాడి చేతులు ఏ రంగులో ఉన్నాయో ఎవరూ చెప్పలేకపోయేవారు. అందరూ వాణ్ణి నీలం అని పిలిచేవారు. అసలు పేరు జీతాలిచ్చే గుమాస్తాకి కూడా చప్పున గుర్తొచ్చేది కాదు.

ఆ కార్ఖానా మూతపడింది. మొదటి నెల వాడు నిద్రపోయాడు. రెండో నెల మా ఇంట్లో ప్రతి వస్తువుకీ వంకలు పెట్టాడు. "ఈ టీలో ఎరుపు రెండు చుక్కలు తగ్గిందక్కా," అనేవాడు. మూడో నెల నుంచి మాట్లాడటం తగ్గించాడు. అయిదో నెలలో అడిగితే తప్ప నోరు విప్పేవాడు కాదు. అమ్మ పోయాక వాణ్ణి నేనే పెంచాను. వాడి అల్లరికి ఎప్పుడూ భయపడలేదు గానీ ఆ మౌనానికి భయపడ్డాను.

అప్పుడు కబురొచ్చింది. రైల్లో నాలుగు గంటల దూరంలో ఇంకో కార్ఖానా ఉందని, ఒక్కటే ఖాళీ అని, బుధవారం వచ్చి కనపడమని.

నేను బడికి వెళ్ళినదాన్ని కాదు. తమ్ముడి పాత వాచకాలూ, సరుకులు కట్టి ఇచ్చిన కాగితాలూ కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. అలా నేర్చుకున్నవాళ్ళకి ఒక జబ్బు ఉంటుంది. అచ్చులో ఉన్నదల్లా నిజమే అనిపిస్తుంది. ఉద్యోగానికి వెళ్ళేవాళ్ళు ఎలా ఉండాలో చెప్పే చిన్న పుస్తకం ఒకటి గ్రంథాలయంలో దొరికితే తెచ్చాను. కూర్చుంటే వీపు నిటారుగా ఉండాలట. మాట్లాడేటప్పుడు ఎదుటివారి కళ్ళలోకి చూడాలట. పాత యజమానిని తిట్టకూడదట. గోళ్ళు శుభ్రంగా ఉండాలి, మనిషి సంగతి చేతులే ముందు చెప్పేస్తాయి, అని కూడా రాసి ఉంది.

నేను తమ్ముడి చేతుల వంక చూశాను.

మూడు రోజులు తోమాను. నిమ్మచెక్కలు, చాకలి సోడా, ఇటుక పొడి, కిరసనాయిలు. మా ఆయన బస్సు డ్రైవరు. అద్దంలో వెనక ఏం జరుగుతోందో చూడటం అలవాటైన మనిషి కాబట్టి ఇంట్లో ఏదీ ఆయన కంటపడకుండా పోదు. గుమ్మంలో నిలబడి నవ్వాడు.

"ఏం బావమరిదీ, అంట్ల గిన్నెల్లో నిన్ను కూడా వేసిందా మీ అక్క?"

"తోమడం అయిపోయింది బావా. బోర్లించి ఆరబెట్టడమే మిగిలింది."

చాలా రోజులకి వాడు నవ్వాడు. ఆ ఊపులో బల్లకి అవతల నేను యజమానిలా కూర్చుని ప్రశ్నలు కూడా వేశాను.

"మీ బలహీనత ఏమిటో చెప్పండి."

"మా అక్క."

"వెధవా, సరిగ్గా చెప్పు!"

"యజమాని వెధవా అని తిట్టొచ్చని ఆ పుస్తకంలో ఉందా?"

మంగళవారం సాయంత్రానికి చేతులు తెల్లబడ్డాయి. ముడతలు పడి, అప్పుడే పుట్టిన బిడ్డ చేతుల్లా ఉన్నాయి. వాడు వాటిని దీపం దగ్గర అటూ ఇటూ తిప్పి చూసుకుని, "ఇవి నావేనా అక్కా?" అన్నాడు. నేను గర్వపడ్డాను.

బుధవారం వెళ్ళి, సాయంత్రం ఏడింటికి తిరిగొచ్చాడు. ఇక్కడ ఒక మాట ఒప్పుకోవాలి. మెట్ల మీద వాడి అడుగుల చప్పుడు వినగానే ముందు నా గుండె తేలికపడింది. మా నాన్న పని కోసం అలాగే సంచి పట్టుకుని వెళ్ళి నాలుగేళ్ళకి వస్తే, తమ్ముడు ఆయన్ని గుర్తుపట్టక నా వెనక దాక్కున్నాడు. అప్పటినుంచీ మా ఇంట్లో ఎవరు సంచి సర్దినా నాకు కాలు నిలవదు. వచ్చేశాడు, అంతే చాలు అనుకున్నాను. తర్వాత వాడి మొహం చూసి సిగ్గుపడ్డాను.

"ఫోర్‌మన్ ఒక ముసలాయన," అన్నాడు బూట్లు విప్పకుండానే. "కవరు తీసి ఉత్తరం ఇచ్చాను. ఆయన ఉత్తరం చూడలేదు, నా చేతులు చూశాడు. పదకొండేళ్ళు తొట్టి దగ్గర ఉన్నది ఈ చేతులేనా, లేకపోతే మహారాజులా కుర్చీలో కూర్చుని అజమాయిషీ చేశావా, అన్నాడు. అక్కడున్నవాళ్ళంతా ఒకటే నవ్వు."

"మరి నువ్వేమన్నావు?"

"నువ్వు చెప్పినట్టే కళ్ళలోకి చూశాను. ఏంటలా చూస్తున్నావ్, నా మొహం మీద మరకేమైనా ఉందా, అన్నాడు."

మా ఆయన నవ్వబోయి ఆపుకున్నాడు. "అక్క తోమిందని చెప్పకపోయావా?"

"ముప్పై నాలుగేళ్ళవాణ్ణి. మా అక్క చేతులు కడిగిందండీ అని ఎలా చెప్పను బావా?"

పాత యజమాని ఉత్తరం గురించి, అలాంటి ఉత్తరాలు ఎవరైనా రాయించుకోవచ్చని అన్నాడట ఆ ఫోర్‌మన్. చివరికి, సోమవారం మధ్యాహ్నం దాకా చూస్తాననీ, పని తెలిసినవాడు దొరక్కపోతే అప్పుడు ఆలోచిస్తాననీ అన్నాడట. అంటే రావద్దని చెప్పడమే. తమ్ముడు గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"నువ్వు తోమింది వాడి చేతుల్ని కాదే, వాడి ఉద్యోగాన్ని," అన్నాడు మా ఆయన. చెడ్డగా అనలేదు గానీ నాకు గుచ్చుకుంది. కావాలనే తోమానా అని నన్ను నేనే అడుగుతూ గురువారమంతా వంటగదికీ కిటికీకీ మధ్య తిరిగాను. పొయ్యి మీద పాలు పొంగి పోయాయి. వాడు వెళ్ళకూడదని నా లోపల ఏ మూలో ఉందేమో. ఉందో లేదో ఈనాటికీ తేల్చుకోలేదు.

శుక్రవారం మా ఆయన సిరా బుడ్డి తెచ్చాడు. "ఇందులో ముంచు. సోమవారానికి మళ్ళీ నీలం అయిపోతావు."

తమ్ముడు సీసా వంక కూడా చూడలేదు. "సిరా పైపైన ఉంటుంది బావా. రంగు గోళ్ళ మొదళ్ళ నుంచి పైకి వస్తుంది. ఆ ముసలాయన కంటికి ఒక్క క్షణం పట్టదు. నిజంగా చేసిన పనికి నేను దొంగవేషం వెయ్యాలా?"

ఆదివారం బట్టలు ఉతకడానికి కూర్చున్నాను. గంప అడుగున, వాడి చేతులు తోమిన తువ్వాలు ఉంది. మొదటి రోజు దాని ఒక మూలతో తోమాను, అక్కడ ఎరుపు. రెండో రోజు ఇంకో మూలతో, అక్కడ నల్లగా కనపడేంత చిక్కటి నీలం. మూడో రోజు గోళ్ళ సందుల్లోంచి వచ్చింది పసుపుపచ్చ, దాని అంచున ఆకుపచ్చ. సోడా నీళ్ళలో వెయ్యబోయి ఆగాను. నా గోళ్ళు చూసుకున్నాను. వాటి మొదళ్ళలోనూ అదే నీలం.

తువ్వాలు ఉతకలేదు. సోమవారం పొద్దున సంచి అడుగున పెట్టాను.

స్టేషన్లో బండి ఎక్కే ముందు సంచి బరువు చూసి వాడు జిప్పు తీశాడు. "ఇదేంటక్కా, మాసిన తువ్వాలు? వెళ్ళేది ఉద్యోగానికా, స్నానానికా?"

"ఆ ముసలాయన ముందు పరిచి పెట్టు. నువ్వు ఏమీ మాట్లాడకు. కళ్ళలోకి కూడా చూడకు."

"మరి పుస్తకం?"

"పుస్తకం రాసినవాడు తొట్టి చూసి ఉండడు."

వాడు తువ్వాలు వంక కాసేపు చూశాడు. ఆ మూలా ఈ మూలా వేలితో తడిమాడు. తర్వాత నా చెయ్యి తీసుకుని గోళ్ళు చూసి వదిలేశాడు. బండి కదిలాక కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి ఊపాడు. అంత తెల్లటి చెయ్యి వాడిదని దూరం నుంచి గుర్తుపట్టలేకపోయాను.

ఆ సాయంత్రం ఏడయింది, ఎనిమిదయింది. మెట్ల మీద చప్పుడు లేదు. ఉద్యోగం వచ్చిందన్నమాట అని మా ఆయన అన్నాడు. నేను మెట్ల మీదే కూర్చున్నాను.

వారానికి ఉత్తరం వచ్చింది. నేనే చదువుకున్నాను, ఎవరి చేతా చదివించుకోలేదు.

"అక్కా, ఉద్యోగం నీ తువ్వాలుకి వచ్చింది. దానికి తోడుగా నన్ను తీసుకున్నారు. ఫోర్‌మన్ దాన్ని కిటికీ వెలుగులో పట్టుకుని, చివర ఎరుపు పని చేశావు, అంతకుముందు చాలా ఏళ్ళు నీలం, మొదట్లో పసుపు తొట్టి దగ్గర నేర్చుకున్నావు, అని నా పుట్టుపూర్వోత్తరాలన్నీ చెప్పాడు. ఇంత బాగా తోమిన మనిషెవరు అని అడిగాడు. ఈసారి చెప్పాను. అప్పుడే చొక్కా మార్చుకుని తొట్టి దగ్గరికి పొమ్మన్నాడు. తువ్వాలు తిరిగి ఇవ్వనంటున్నాడు. పండగ సెలవులకి వస్తాను."

సెలవులకి పని ఎక్కువైంది. తర్వాత సెలవులకి తోటివాడికి జబ్బు చేస్తే వాడి వంతు కూడా తమ్ముడే చేశాడు. నెలకో ఉత్తరం వచ్చేది. అన్నిటి మీదా వేలిముద్రలుండేవి, నెల నెలకీ ముదురుతూ. నేను ఉత్తరం కంటే ముందు వాటినే చూసేదాన్ని.

తమ్ముడికి జ్వరం మూడు రోజులే ఉందట. మాకు కబురు అందేసరికి ఇంకో రెండు రోజులు. మేం వెళ్ళేసరికి అంతా అయిపోయింది. ఫోర్‌మన్ సంచి తెచ్చి నా చేతికిచ్చాడు. తువ్వాలు మడతపెట్టి పైన ఉంచాడు.

సంచి ఇంటికి వచ్చింది. మా తమ్ముడు రాలేదు. సోమవారం ఆరున్నర బండికి వెళ్ళాడు, పదిహేడు నెలల తర్వాత ఒక బుధవారం అక్కడే పోయాడు.