రెండువేల మూడులో పుట్టినరోజులు

కూర్మన్నపాలెం చర్చి కంప్యూటర్‌ని సముద్రపు గాలి తినేసింది. కొత్తది కొన్నారు గానీ, సంఘంలో ఎవరి పుట్టినరోజు ఎప్పుడో చెప్పే పాత ప్రోగ్రాం అందులో లేవనని మొండికేసింది. కమిటీ పెద్ద జ్ఞానశేఖర్ ఫోన్‌లో యాప్ పెట్టేద్దామన్నాడు. కార్యదర్శి యోహాన్ ససేమిరా అన్నాడు. ఎందుకో మాత్రం పైకి చెప్పలేదు. స్టీల్‌ప్లాంట్‌లో కొలిమి ముందు ముప్ఫయ్యేళ్లు నిలబడ్డ మనిషి ఒక ప్రోగ్రాం కోసం కళ్లనీళ్లు పెట్టుకుంటే ఏం బాగుంటుంది? ప్రతి ఇంటివాళ్ల పేర్లూ అందులో టైపు చేసింది ఆయన భార్య దీవెనమ్మ. ఆమె పోయి ఎనిమిదేళ్లయింది. ఆదివారానికల్లా పనిచేయకపోతే దాన్ని తీసేయాల్సిందేనని కమిటీ తేల్చేసింది.

శనివారం యోహాన్ మేనల్లుడు టిమోతి వచ్చి, కుస్తీ పట్టి, దాన్ని లేపి కూర్చోబెట్టాడు.

"ఏటి సేసినావురా?"

"పాత ప్రోగ్రాంకీ కొత్త కంప్యూటర్‌కీ మద్దిన ఇంకోటెట్టినాను మావయ్యా. ఇది పాత కంప్యూటరేనని అది సెప్తాది, ప్రోగ్రాం నమ్మేత్తాది. తేదీ సూసి కూడా బెదిరిపోతంటే, ఇంకా రెండువేల మూడేనని సెప్పించినాను."

"అంటే సర్చిలో కూకుని అబద్దాలాడతాదేటి?"

"మరి నీకు పనవ్వాలా, వద్దా?"

యోహాన్ మనసులోనే ప్రభువుకు క్షమాపణ చెప్పుకుని ఊరుకున్నాడు.

ఆదివారం కరెంటు వచ్చేసరికి ఆరాధన మొదలైపోయింది. ప్రింటర్లోంచి వచ్చిన కాగితాన్ని చూసుకోకుండానే యోహాన్ మైకు దగ్గరికి పరిగెత్తాడు. పేరు పిలిచినవాళ్లు ముందుకొచ్చి నిలబడితే పాస్టరు అయ్యగారు ప్రార్థన చేయడం అక్కడి ఆనవాయితీ.

"ప్రసన్నకుమారి, ఇరవయ్యెనిమిదేళ్లు."

యాభై నిండిన టీచరమ్మ ఏ అభ్యంతరమూ చెప్పకుండా కొంగు సర్దుకుని నడిచి వచ్చింది. వెనక బెంచీలో ఆమె భర్తకి పొలమారింది.

"ఎవాంజలిన్, మైనస్ పన్నెండేళ్లు."

"నానింకా పుట్టలేదేటి?" అని పదేళ్ల పిల్ల బిక్కమొహం వేసింది. చర్చి గొల్లుమంది. యాప్ చూపించడానికి జ్ఞానశేఖర్ అప్పుడే ఫోన్ బయటికి తీశాడు. అది చూసిన కంగారులో యోహాన్ తర్వాతి పేరు కూడా చదివేశాడు.

"దీవెనమ్మ, నలభై మూడేళ్లు."

నవ్వులు ఆగిపోయాయి. ఆమె పోయిన తేదీని అందులో ఎక్కించింది యోహానే. పాపం, ప్రోగ్రాం లెక్కలో ఆ తేదీ ఇంకా రాలేదు.

ముందుకొచ్చేవాళ్లు ఎవరూ లేరు. యోహానే కాగితం మడిచి, మైకు వదిలి, ప్రసన్నకుమారి పక్కన వెళ్లి నిలబడ్డాడు. అయ్యగారు ఆయన తలమీద చెయ్యి పెట్టారు. జ్ఞానశేఖర్ ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

బయటికొచ్చాక టిమోతి తల దించుకుని, "ఇప్పుడే సరిసేసేత్తాను మావయ్యా," అన్నాడు.

"తొందరేటిరా? ఒచ్చే ఆదివారం నా పుట్టినరోజు. అది రెండువేల మూడులోనే సేసుకుంతాను. తరవాత సరిసేద్దువులే."