గుహలో పూలమ్మ

అల్మాస్‌గూడలో ఒక ప్రైవేటు స్కూలు గోడ మీద ఆదిమానవుల బొమ్మ వేసే పని వీరేశానికి దొరికింది. ఫ్లెక్సీలు వచ్చి బోర్డులు రాసేవాళ్ల నోట్లో మట్టి కొట్టాక పని అంటూ వస్తే చాలు, దిల్‌సుఖ్‌నగర్ నుంచి రెండు బస్సులు మారైనా పరుగున వచ్చాడు.

సోషల్ టీచర్ సంధ్యారాణి పాఠ్యపుస్తకం తెరిచి చూపించింది. గుహ, నెగడు, బల్లెం పట్టుకున్న మగవాడు, మాంసం కాలుస్తున్న ఆడమనిషి. ఆ కాలం మనుషులను చూసొచ్చినవాడెవడూ లేడు కాబట్టి ఎవరికి తోచినట్టు వాళ్లు గీశారు. ఈ పుస్తకంలో ఆయనకు గడ్డం మాసింది గానీ మీసం మాత్రం శుభ్రంగా దువ్వి ఉంది. ఆడమనిషికైతే ముఖమే సరిగ్గా లేదు. వీరేశం తనకు తెలిసిన ముఖం పెట్టాడు.

అది పూలమ్మది. భార్య పోయి మూడేళ్లు. మిగిలింది ఆధార్ కార్డు ఫోటో ఒక్కటే, అందులో పూలమ్మను పూలమ్మే గుర్తుపట్టేది కాదు. ఈ మధ్య గదిలో ఒంటరిగా కళ్లు మూసుకుంటే ఆమె ముఖం రావడం లేదని అతనికి భయం పట్టుకుంది. గోడ మీద మాత్రం కుంచె పెట్టగానే వచ్చేసింది, ఎడమ బుగ్గన సొట్టతో, ఆ మూతి విరుపుతో సహా. నాలుగు రోజులు ఆమె ఎదురుగానే కూర్చుని అన్నం తిన్నాడు.

ఎన్నో గుళ్లలో అమ్మవారి బొమ్మలు వేసిన చెయ్యి అది. ఆడవాళ్ల ముఖం పూర్తయితే చివర బొట్టు పెట్టడం దానికి అలవాటు. పెట్టేసింది.

సంధ్యారాణి చూసి నవ్వింది.

"రాతియుగంలో బొట్టెక్కడిదండీ? పిల్లలు తప్పు నేర్చుకుంటారు. అది తుడిచేయండి."

తప్పు తనదేనని అతనికీ తెలుసు. గుడ్డను థిన్నర్‌లో ముంచాడు కూడా. చెయ్యి లేవలేదు. దవాఖానలో ఆఖరి పొద్దున పూలమ్మ తాను బొట్టుతోనే పోతున్నానని, అది చాలని సంతోషపడింది. అలా పోయిన మనిషి నొసట బొట్టును మొగుడే ఎలా తుడుస్తాడు?

"నేను తుడ్వలేను మేడం. జుట్టు కిందికి దించుత," అన్నాడు.

నల్లరంగు కలిపి నొసటి మీదికి ఒక పాయ లాగాడు. బొట్టు దాని కింద భద్రంగానే ఉంది. కానీ పైకి మిగిలిన ముఖం అచ్చం బొట్టు తీసేసిన ముఖంలా కనిపించింది. చూడలేకపోయాడు. ఇంకో పాయ లాగాడు, మరొకటి లాగాడు. సొట్ట పోయింది, మూతి పోయింది. చివరికి గుహలో ఆడమనిషి అటు తిరిగి కూర్చుంది.

ఇప్పుడు సహజంగా ఉందని సంధ్యారాణి మెచ్చుకుంది.

వీరేశం బస్సులో ఎల్బీ నగర్ దాకా కళ్లు మూసుకునే కూర్చున్నాడు. జుట్టు తప్ప ఏమీ రాలేదు.