అన్ని మీటలకీ ఒకే మాట

సాయంత్రం ఆసుపత్రి నర్సు వస్తానంది. మా చెల్లెలు తనకేం కావాలో తానే చెప్పగలిగితే ఇంట్లో ఉంచుకోవచ్చు. లేకపోతే ఊరవతల పెద్ద వార్డులో ఒక మంచం ఖాళీ అయింది, బండి పంపిస్తారు. అదీ సంగతి.

పక్షవాతం వచ్చినప్పటినుంచి చెల్లెలికి మాట లేదు. మెడ నిలవదు. తల దానంతట అదే ఊగుతుంటుంది గనుక అవునో కాదో తెలుసుకోవడానికి అది పనికిరాదని, రెప్పపాటునీ నమ్మలేమని ఆసుపత్రివాళ్ళు తేల్చేశారు. మిగిలింది కుడి భుజంలో కాస్త కదలిక, ఆ చేతి చూపుడువేలు, అదీ వణుకుతూ. బుద్ధి మాత్రం చెక్కుచెదరలేదని నాకు తెలుసు. నాకు తెలిస్తే చాలదట.

మా అమ్మాయి నీటి సరఫరా ఆఫీసులో పనిచేస్తుంది. అక్కడ పట్టికలు సర్దడానికి నేర్చుకున్న స్క్రిప్టు ముక్కలతోనే, అంటే కంప్యూటరుకి పని చెప్పే రాతతో, పొద్దున్నించీ కంప్యూటర్లో ఒక కిటికీ కడుతోంది. కిటికీ అంటే తెర మీద బూడిదరంగు చదరం, అందులో మీటలు. మీటను వేలితో తాకితే దాని మీద రాసిన మాట పైకి వినిపించాలి.

"మీటలు ఇంకా పెద్దవి చెయ్యవే. పిన్ని వేలు ఒకచోట నిలవదు" అన్నాను.

"ఇంతకన్నా పెద్దవంటే గోడకి కట్టాలమ్మా. కాస్త ఊపిరి పీల్చుకోనీ."

"పీల్చుకో తల్లీ. బండి గుమ్మంలోకి వచ్చేదాకా పీల్చుకో."

దాని మీద విసుక్కోవడం తప్ప నాకింకేం చేతనవుతుంది? మీటలు పలికే గొంతు మాత్రం నాదే కావాలంది అమ్మాయి. వంటింటి తలుపు వేసుకుని ఫోన్లో ఒక్కొక్కటే చెప్పాను. నీళ్ళు కావాలి. నొప్పిగా ఉంది. ఉక్కగా ఉంది. దుప్పటి కప్పండి. వద్దు.

"అంటే నా గొంతుతో నన్నే నీళ్ళడుగుతుందన్నమాట."

"పిన్ని మాటలన్నీ చిన్నప్పటినుంచీ నువ్వేగా మాట్లాడావు. కొత్తేముంది?" అంది అమ్మాయి. చెల్లెలి కళ్ళు నవ్వాయి.

ఆ నవ్వు ఇంకా ఉండగానే నర్సు వచ్చేసింది. చెడ్డ మనిషేం కాదు, అలసిపోయిన మనిషి. చెల్లెలి ముందు చిన్న బల్ల వేసి కంప్యూటరు పెట్టాం.

"ఏం కావాలో చెప్పండమ్మా" అంది నర్సు.

చెల్లెలి పెదవులు ఎండిపోయి ఉన్నాయి. వేలు గాల్లో ఊగి ఊగి 'నీళ్ళు' మీద వాలింది.

"వద్దు" అంది నా గొంతు.

మళ్ళీ తాకింది. "వద్దు." నొప్పి మీట తాకింది. "వద్దు." ఏది తాకినా అదే మాట.

అమ్మాయి స్క్రిప్టు తెరిచి చూసి, నెత్తి కొట్టుకుంది. "మీటలన్నీ ఒకే చుట్టులో వరసగా చేయించానమ్మా. ఏ మీట మాట దానికి విడిగా ఇవ్వాలి, ఇవ్వలేదు. తాకినప్పుడే మాటకోసం వెతుక్కుంటున్నాయి. అప్పటికి చివరి మాటే మిగిలుంది."

"నొక్కి చూసుకోలేదుటే?"

"చివరిదొక్కటే చూశాను. అది బాగానే పలికింది."

"కొంప ముంచావే!"

"కాసేపాగండి మేడమ్, సరిచేస్తాను" అని అమ్మాయి బతిమాలింది.

"ఇంకో ఇల్లు చూడాలమ్మా నేను. మంచం సంగతి ఇప్పుడే చెప్పెయ్యాలి." నర్సు ఒక చేత్తో ఫోను తీసి, రెండో చేత్తో అలవాటుగా చెల్లెలి కాళ్ళ మీద దుప్పటి పైకి లాగబోయింది. "ఇది కప్పనా?"

"వద్దు."

నర్సు చెయ్యి ఆగిపోయింది. చెల్లెలి నుదురు చెమటతో తడిసి ఉండటం అప్పుడు చూసింది.

"ఫ్యాను ఆపెయ్యనా?"

"వద్దు."

"నీళ్ళు తాగుతారా?"

చప్పుడు లేదు. వేలు తెరకు పైన, గాల్లో ఉండిపోయింది. నేను గ్లాసు పట్టాను. గుక్కగుక్కా తాగింది.

నర్సు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. "వార్డుకి పంపిద్దామా?" ఆ మాట పూర్తి కాకముందే నా గొంతు వద్దంది.

"ఒక వైపునుంచి అడిగితే చాలదు. తిప్పి అడుగుతాను. ఎవరూ ఆవిణ్ణి ముట్టుకోకండి." ముందుకు వంగింది. "ఇంట్లోనే ఉంటారా?"

ఇప్పుడు చప్పుడు కాకూడదు. అప్పటికే ఆ చెయ్యి అలసిపోయింది. ఒక్కొక్క వణుక్కీ వేలు కాస్త కిందికి దిగుతోంది, మళ్ళీ లేస్తోంది, ఈసారి లేచిందాని కన్నా ఎక్కువ దిగుతోంది. ఎత్తి పట్టుకుందామని నా చేతులు లేచాయి. అమ్మాయి నా కొంగు పట్టి ఆపింది. ఎంతమందినో కాటికి సాగనంపాను, అన్నిసార్లూ ఇంకొక్క మాట వినిపిస్తే బాగుండుననే కోరుకున్నాను. నా గొంతు నాకు వినబడకూడదని ఎప్పుడూ ఇలా దణ్ణం పెట్టుకోలేదు.

చెల్లెలు కళ్ళు మూసుకుంది. భుజంతో చేతినంతా పక్కకి ఈడ్చి, బల్ల అంచు దాటించి, ఒళ్ళో పడేసింది.

నర్సు ఒళ్ళోని ఫోను చెవి దగ్గర పెట్టుకుని, "ఇక్కడ వద్దు. ఆ మంచం వేరేవాళ్ళకి ఇచ్చెయ్యండి" అంది. లేస్తూ అమ్మాయితో, "వచ్చేవారం మళ్ళీ చూస్తారు. ఈలోగా మిగతా మాటలు కూడా పలికించు తల్లీ" అంది. అమ్మాయి తలూపి కంప్యూటరు తనవైపు తిప్పుకుంది.

గుమ్మందాకా వెళ్ళాను. వార్డు బండి ముందే వచ్చి వీధి చివర ఆగి ఉంది. నర్సు ఎక్కగానే అది ఖాళీగా వెనక్కి తిరిగింది. వేరేవాళ్ళంటే ఎవరని నేను అడగలేదు. ఎవరో ఒకరి చెల్లెలే అయివుంటుంది. తలుపు వేసి గడియ పెట్టాను. పెట్టి, పడిందో లేదోనని మళ్ళీ లాగి చూశాను.